మంచం నుంచి మైకు దాకా

జనవరి 5, బాదామి

తల్లి వేషం నాకిచ్చారు. నాకేం బాధ లేదు. రేపు ఎవరైనా అడిగితే బాధ లేదనే చెప్పాలి కాబట్టి ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

పొద్దున బసలింగప్పన్న తనే చహా గ్లాసు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. నాటకం కంపెనీ యజమాని స్వయంగా చహా తెచ్చిస్తే ఎవరి కొంపో మునిగినట్టే లెక్క. నేను గ్లాసు అందుకోకుండా అడిగాను.

"ఎవరికి మూడింది అన్నా?"

"మూడ్డం ఏంటి కస్తూరీ, అపశకునం మాటలు. ఈ జాతరకి పార్వతి వేషం చాందిని వేస్తుంది. ఈ ఒక్క జాతరకే."

"మరి నేను?"

"పార్వతి తల్లి నాగవ్వ. మంచి పాత్ర. కూర్చునేది కూడా కాదు, పడుకునే పాత్ర. ఒంటికి సుఖం."

'పంచరు షాపు పార్వతి' నాటకం ఉన్నన్నాళ్ళూ పార్వతిని నేనే. పోస్టరు మీద 'కుమారి కస్తూరి' అని నా బొమ్మ, చేతిలో టైరు. మా వాడు పదో తరగతి పరీక్షలు రాస్తున్న ఏడు కూడా పోస్టరు మీద నేను కుమారినే. వాడు స్నేహితుల ముందు సిగ్గుపడి చచ్చేవాడు.

చహా తాగాను. చక్కెర ఎక్కువ వేయించాడు పాపం. గ్లాసు తిరిగిస్తుంటే అసలు మాట బయటపెట్టాడు.

"జాతర అయ్యేలోపు ఈ ముసలి వేషం నీకు కుదరాలి. కుదరకపోతే తరవాతి గజేంద్రగడ క్యాంపు నుంచి డ్రెస్సు పెట్టెలు నువ్వు చూసుకో. అన్నానికేం లోటు రానివ్వను."

డ్రెస్సు పెట్టెలు! ఆ పెట్టెల పక్కన కూర్చునేవాళ్ళకి నాటకం వెనక నుంచి వినపడుతుంది, అంతే. పరదా ఏ రంగో కూడా మరిచిపోతారు.

నాకేం బాధ లేదు. ఒక్క జాతరకేగా.

జనవరి 6

రిహార్సలు. చాందిని అసలు పేరు మల్లవ్వ. ఆర్కెస్ట్రాల్లో డాన్సులు చేసి వచ్చింది. పిల్ల చలాకీ, నడుము రబ్బరు. కానీ రికార్డు పాటలకి ఆడిన ఒళ్ళు. రికార్డు పాట ప్రతిరోజూ ఒకే చోట ఆగుతుంది. మా ఇమామ్‌సాబ్ మాస్తరు కాళ్ళతో గాలి కొట్టి వాయించే హార్మోనియం ఆయన మోకాలి నొప్పిని బట్టి ఆగుతుంది.

పార్వతి ఎంట్రీ అంటే ఆషామాషీ కాదు. స్టేజీ ఎడమ పక్క వింగు చాటునుంచి టైరు దొర్లించుకుంటూ రావాలి, సగం స్టేజీలో ఒక చుట్టు తిరగాలి, పాట తెగే చోట కుడికాలు సరిగ్గా మధ్య మైకు కింద పడాలి. అప్పుడు "గాలి దిగింది బండికా, నీకా?" అనాలి. జనం ఈల వేస్తారు. మైకు ఒక అడుగు తప్పినా ఆ మాట గాల్లో కలిసిపోతుంది. మా స్టేజీకి పైనుంచి వేలాడే మైకులు మూడే. కుడిది విలన్‌ది, ఎడమది హాస్యగాడిది, మధ్యది హీరోయిన్‌ది. అలా అని ఎక్కడా రాసి లేదు, కానీ నా మైకు కింద వేరేవాళ్ళు నిలబడితే ఇన్నాళ్ళూ నా మోచెయ్యి ఊరుకునేది కాదు.

చాందిని ఒకసారి పాట కంటే ముందొచ్చింది. ఒకసారి పాట అయిపోయి మాస్తరు దగ్గు కూడా వినపడ్డాక వచ్చింది. ఇమామ్‌సాబ్ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఇంకోసారి బేటీ. నీ చెవి నా మీద పెట్టు, నీ కాలు దాని వెంట వస్తుంది."

"ఎక్కడ ఆపుతారో ముందే చెప్పండి మాస్తరూ. నేను లెక్కేసుకుంటా."

"నాకే తెలిస్తే చెప్పనా?"

ఆ పిల్ల నా వైపు చూసింది, ఏమైనా చెబుతానేమోనని. నేను మంచం మీద పడుకుని రోగం ప్రాక్టీసు చేస్తున్నాను. రోగులు మధ్యలో మాట్లాడరు.

జనవరి 8

మొదటి ఆట. డేరా నిండింది. నాగవ్వ మంచం స్టేజీకి బాగా వెనక, కుడి మూల, వీధి బొమ్మ వేసిన వెనక పరదాని ఆనుకుని. తల కుడి వింగు వైపు, కాళ్ళు ఎడమ వింగు వైపు. మైకులు నాకు అందనంత దూరం. పరదా లేచిన దగ్గర్నుంచి చచ్చేదాకా ఆ మంచం దిగే పని లేదు.

"పార్వతీ, పొద్దు గూకింది, తల్లీ, ఇంకా అన్నం తినలేదా?" అన్నాను. నేల టికెట్టువాళ్ళలోంచి ఒకాయన లేచాడు.

"ముసల్దానికి గొంతు లేదా? మేం ఊరికే రాలేదు!"

నాకు! గొంతు లేదని నాకు! మైకులు లేని రోజుల్లో గాలివానలో రేకుల చప్పుడు మీదుగా పాట పాడిన గొంతు ఇది. రెండో అంకంలో గట్టిగా అందుకున్నాను. పక్క డేరాలో నాటకం ఆడుతున్న వేరే కంపెనీవాళ్ళకి కూడా వినపడి ఉంటుంది.

హాస్యగాడు గురుపాద ఆట అయ్యాక నా పక్కన చతికిలబడి మరమరాల గిర్మిట్టు పొట్లం విప్పాడు.

"అక్కా, ఆ గొంతుతో అరిచే మనిషికి రోగమేంటి చెప్పు? నువ్వే ఆ విలన్ గౌడ ఇంటికెళ్ళి నాలుగు తన్ని రావచ్చు కదా. నాటకం మొదటి అంకంలోనే అయిపోయేది, నేను ఇంటికెళ్ళి పడుకునేవాణ్ణి."

"నోరు మూసుకుని తిను."

"మూసుకుని ఎలా తింటానక్కా?"

వాడి గిర్మిట్టులో సగం నేనే తినేశాను. మెల్లగా అంటే వినపడదు, గట్టిగా అంటే రోగి కాదు. ఈ వేషం ఎవడు రాశాడో వాడి మంచం విరగ!

చాందిని ఎంట్రీ కూడా తప్పింది. అది మాత్రం రాయాల్సిందే కదా.

జనవరి 10

మంచం ఒక బెత్తెడు ముందుకు జరిగింది. స్టేజీ వాలుగా ఉంది.

జనవరి 11

ఇంకో బెత్తెడు. చెక్కలు సరిగ్గా బిగించలేదు. బిగించమని నేను చెప్పలేదు, మనకెందుకు.

జనవరి 13

ఇవాళ నా మాటలు వెనక బెంచీల దాకా వెళ్ళాయి. మంచం జరిగి జరిగి మధ్య మైకుకి నాలుగడుగుల్లోకి వచ్చింది మరి. రోగిష్టి గొంతు, చిన్నగా, ఎంత బాగా పలికిందో! నేనే విని మురిసిపోతున్నాను.

ఈలోగా గౌడ ఎంట్రీ. గౌడ వేషం బసలింగప్పన్నదే. ఆయన మీసం మెలేస్తూ, పార్వతిని చూసి ఠీవిగా రెండడుగులు వెనక్కి వేసి నవ్వుతాడు. ఇన్నేళ్ళుగా అదే చోట, అవే అడుగులు. వెనక ఏముందో చూసుకునే అలవాటు ఆయనకి లేదు, ఉండాల్సిన అవసరమూ రాలేదు. ఇవాళ రెండో అడుగుకి మంచం మోకాళ్ళ వెనక తగిలి నా కాళ్ళ మీద కూర్చున్నాడు. ఊరిని గడగడలాడించే గౌడ, రోగిష్టి ముసలిదాని మంచం మీద!

గురుపాద ఊరుకుంటాడా? వింగులోంచి పిలవకుండానే వచ్చేశాడు.

"గౌడగారూ, పిల్లని అడగడానికొచ్చి తల్లిని ఖాయం చేసుకున్నారా?"

నవ్వులకి డేరా కూలినంత పనైంది. ఆట అయ్యాక బసలింగప్పన్న మీసం ఊడదీసి చేత్తో పట్టుకునే వచ్చాడు.

"మంచం అక్కడికి ఎలా వచ్చింది?"

"స్టేజీ వాలుగా ఉందన్నా."

"వాలు జనం వైపు ఉంటుంది, ఒప్పుకుంటా. నీ మంచం అడ్డంగా కూడా జరిగింది. అడ్డంగా కూడా వాలా?"

నేనేం ఇంజనీర్నా, నాకెలా తెలుస్తుంది?

జనవరి 14

మంచం నాలుగు కోళ్ళ చుట్టూ సుద్దముక్కతో గీతలు గీయించాడు. గీత దాటితే ఊరుకోనన్నాడు. నేను దాటలేదు.

జనవరి 15

గీతలు ఎవరో చెరిపి ముందుకు గీశారు. ఎవరో ఏమిటో.

జనవరి 17

రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ రాస్తాను.

నిన్న సాయంత్రం ఆటలో మంచం మళ్ళీ తన మూలకి వెళ్ళిపోయింది, బసలింగప్పన్న దగ్గరుండి మోయించాడు. చలి. దుప్పటి వెచ్చగా ఉంది. మొదటి సీను గురుపాదదీ, పంచరు వేయించుకోవడానికి వచ్చిన పెళ్ళికొడుకుదీ. నాకు మాట లేదు, కళ్ళు మూసుకుని ఉంటే చాలు. మూసుకున్నాను. కాస్త గాఢంగానే మూసుకున్నాను.

ఇమామ్‌సాబ్ పార్వతి పాట ఎత్తుకున్నాడు.

తరవాత సంగతి నా కాళ్ళని అడగాలి. అవి దుప్పటి తన్నేశాయి. మూడంకాలు మంచం దిగకూడని నాగవ్వ, నెరిసిన విగ్గుతో, అతుకుల చీరతో, స్టేజీ మధ్యలోకి ఉరికి ఒక చుట్టు తిరిగింది. పాట తెగింది. నా కుడికాలు మధ్య మైకు కింద పడింది. అదే క్షణంలో టైరుతో చాందిని కూడా వచ్చింది. ఇద్దరం ఒకేసారి అన్నాం.

"గాలి దిగింది బండికా, నీకా?"

అప్పుడు మెలకువ వచ్చింది.

డేరాలో శనగకాయ పొట్టు ఒలిచిన చప్పుడు కూడా లేదు. చాందిని నోరు తెరుచుకుని నన్ను చూస్తోంది. టైరు ఒక్కటే బుద్ధిగా దొర్లుకుంటూ వెళ్ళి కుడి వింగులో పడింది. నేను ఏదో ఒకటి చెయ్యాలి కదా. దగ్గాను. నడుము పట్టుకున్నాను. "ఇంట్లో పిల్ల ఇలా తిరుగుతుంటే రోగం కూడా తిరిగిపోతోందమ్మా," అని మూలుగుతూ, గురుపాద భుజం పట్టుకుని మంచం చేరాను.

ఈలలు! అరుపులు! కండువాలు గాల్లోకి లేచాయి. ఇన్నేళ్ళ పార్వతికి కూడా అన్ని ఈలలు రాలేదు.

జనవరి 18

బసలింగప్పన్న కోప్పడలేదు. మళ్ళీ తనే చహా తెచ్చాడు, ఈసారి మిర్చి బజ్జీలతో సహా.

"కస్తూరీ, రోజూ ఉంచు అది."

"ఏది?"

"ముసల్ది లేచి ఆడ్డం. జాతరంతా అదే మాట. ముందే చెప్పి చెయ్యొచ్చుగా, నా గుండె ఆగిపోయింది."

"చెబితే ఒప్పుకునేవారా? అందుకే ఆలోచించి ఆలోచించి చేశా," అన్నాను.

ఎంత బాగా ఆలోచించానో! గురక కూడా పెట్టానట.

చాందిని పొద్దున్నుంచీ మేకప్పు గదిలోంచి బయటికి రాలేదు. దాని ఎంట్రీకి మొన్న ఒక్క ఈల కూడా పడలేదు. నేనేం చెయ్యను? జనం ఇష్టం.

జనవరి 19

ఈలలు. చేతులు జోడించి మరీ మంచం ఎక్కాను.

జనవరి 20

ఇవాళ కూడా. కానీ ఒక మాట.

చివరి అంకంలో నాగవ్వ చచ్చిపోతుంది. పార్వతి గౌడ దగ్గర్నుంచి దుకాణం గెలుచుకుని వచ్చేసరికి తల్లి చివరి ఊపిరిలో ఉంటుంది. "ఆ చేతులకి నూనె మరక పోలేదా, తల్లీ?" అని కూతురి చేతులు తన చెంపకి రాసుకుని పోతుంది. మొదటి రోజు వినపడకపోయినా ఆడవాళ్ళ వైపు ముక్కులు ఎగబీల్చారు. ఆ సీను కోసం పక్క పల్లెల నుంచి బళ్ళు కట్టుకుని వస్తారు వాళ్ళు. రొట్టెల మూటతో పాటు కళ్ళు తుడుచుకోవడానికి పాత గుడ్డ కూడా తెచ్చుకుంటారు.

నేను పోయాను. చాందిని నా మీద పడి ఏడుస్తోంది. వెనక నుంచి ఎవడో అరిచాడు.

"ఆగండ్రా, లేస్తుంది చూడండి!"

ఇంకొకడు అందుకున్నాడు. "ముసలమ్మా, ఇంకొక్క చుట్టు!"

డేరా అంతా నవ్వు. పిల్ల నా మెడ దగ్గర ముఖం పెట్టుకుని, ఏడుపు ఆపకుండానే చెవిలో అడిగింది. "అక్కా, వీళ్ళెందుకు నవ్వుతున్నారు?"

నేను చచ్చిపోయి ఉన్నాను. చచ్చినవాళ్ళు జవాబు చెప్పకూడదు. లేచి ఒక్క చూపు చూస్తే నోళ్ళు మూతపడేవి, కానీ లేస్తే ఇంకా నవ్వుతారు. పరదా పడేదాకా అలాగే పడుకున్నాను. మూసిన కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. ఇన్నేళ్ళలో నన్ను చూసి జనం నవ్వడం ఇదే మొదటిసారి. మొన్నటి ఈలలు కూడా ఈ నవ్వేనని అప్పుడు అర్థమైంది.

జనవరి 21

ఇమామ్‌సాబ్ డేరా వెనక ఎండలో కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"మొన్న నువ్వు నిద్రలో లేచావు కదూ?" అన్నాడు.

"మీకెలా తెలుసు మాస్తరూ?"

"నిద్రపోతున్న మనిషే అంత సరిగ్గా పాట మీద పడుతుంది. మెలకువలో ఉంటే కాస్త షోకు చేస్తావు."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. డ్రెస్సు పెట్టెల సంగతి చెప్పేశాను. ఈ చుట్టు తిరగడం మానేస్తే నన్ను ఆ పెట్టెల దగ్గర కూర్చోబెడతారని, మానకపోతే ఆ చావు చావు కాదని చెప్పాను.

"నవ్వించేవాళ్ళు కంపెనీలో ఉన్నారు బేటీ," అన్నాడాయన. "గురుపాద అన్నం మానేసైనా నవ్విస్తాడు. చచ్చేవాళ్ళే లేరు మనకి."

లేచి సరాసరి బసలింగప్పన్న దగ్గరికి వెళ్ళాను. మంచం దిగనని చెప్పాను. ఆయన తన చెవుల్ని నమ్మలేక రెండోసారి చెప్పించుకున్నాడు.

"జనం దానికోసమే వస్తున్నారు కస్తూరీ!"

"ఆడవాళ్ళు చివరి అంకానికి ముందే లేచి వెళ్ళిపోతున్నారు, చూశారా?"

చూశాడు. ఆయన నటుడు కూడా, కళ్ళు ఉన్నాయి. కాసేపు మీసం లేని చోట మెలేసుకున్నాడు.

"సరే. ఎల్లుండి ఆట చూస్తా. వెనక బెంచీ దాకా వినపడాలి, డేరా ఏడవాలి. లేదా, చెప్పాను కదా."

చెప్పారు. గుర్తుంది.

జనవరి 22

ఆట లేదు, ఖాళీ డేరా. చాందినిని వెనక బెంచీలో కూర్చోబెట్టి మంచం మూలలో పెట్టుకుని సాధన చేశాను. దాన్నే ఎందుకంటే వేరే ఎవరూ ఖాళీగా లేరు.

"వినపడుతోందా?"

"గొణిగినట్టుంది అక్కా."

"ఇప్పుడు?"

"ఇప్పుడు తిట్టినట్టుంది."

గొంతు పెంచితే రోగం పోతోంది. గొంతు పెంచకుండా మాట పంపాలి. ఊపిరి అంతా ముందే ఖర్చు పెట్టకుండా మాట చివరి అక్షరం దాకా దాచి చూశాను. ముసలివాళ్ళు మాట మొదలు బాగానే అంటారు, చివర మింగుతారు. నేను మొదలు మింగి చివర అన్నాను. తలని జనం వైపు తిప్పి, ఆగి, అప్పుడు అన్నాను.

"మాట ఇప్పుడు వచ్చిందక్కా! కానీ నేను మిమ్మల్నే చూస్తున్నా కాబట్టి వచ్చింది. వాళ్ళు నన్ను చూస్తుంటారు కదా, అప్పుడో?"

పిల్ల మట్టిబుర్ర కాదు. మాటకి ముందు చెయ్యి లేపాను, దుప్పటి మీంచి కొంచెమే, వణుకుతూ. కళ్ళు చేతి మీదికి వస్తే చెవులు వెనకే వస్తాయి. రెండు మూడుసార్లు చేశాక ఆ పిల్ల వెనక బెంచీలో తల పక్కకి తిప్పేసుకుంది. లేచి చూస్తే కళ్ళు తుడుచుకుంటోంది.

"దుమ్ము పడిందక్కా," అంది.

ఇక మిగిలింది పక్క డేరా. వాళ్ళ హాస్యగాడి పాట మా చావు సీనులోనే వస్తుంది. ఆ పాట అయ్యాక వాళ్ళ మాస్తరు బీడీ వెలిగించుకునేంత ఖాళీ ఉంటుందట. ఇమామ్‌సాబ్ చెప్పాడు. ఆ ఖాళీలో చావాలి.

ఇంకో భయం ఉంది. నా కాళ్ళు. గురుపాద పాత చీర అంచు పట్టుకొచ్చాడు.

"మోకాళ్ళ దగ్గర మంచానికి కట్టేస్తానక్కా. ఇక ఇమామ్‌సాబ్ కాదు, యముడు పాట ఎత్తుకున్నా లేవలేవు."

జనవరి 24

నిన్నటి ఆట గురించి.

పార్వతి పాట రాగానే కాళ్ళు గుంజాయి. కట్టు ఆపింది. మెలకువలోనే ఉన్నాను, అయినా గుంజాయి. జనంలో కొందరు "లేవే ముసలమ్మా!" అన్నారు. లేవలేదు. రెండో అంకానికి ఆ కేకలు మానేశారు.

చివరి అంకం. పక్క డేరా పాట నడుస్తోంది. నేను చావడం మొదలు పెట్టకుండా ఆగాను. చాందిని నా చెయ్యి పట్టుకుని, ఏ కంగారూ లేకుండా, తనూ ఆగింది. ఆ పాట తెగింది. చెయ్యి లేపాను. మాట పంపాను.

"ఆ చేతులకి నూనె మరక పోలేదా, తల్లీ?"

శనగకాయలవాడు గంప నెత్తిన పెట్టుకుని బెంచీల మధ్య అలాగే నిలబడిపోయాడు, కళ్ళ సందులోంచి చూశాను. చివరి వరుసలో ఒక ముసలాయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తరవాత ఆడవాళ్ళ వైపు నుంచి మొదలైంది. ఎంత హాయిగా ఏడ్చారో! పాత గుడ్డలన్నీ పనికొచ్చాయి.

గౌడ వచ్చి క్షమాపణ అడగాలి ఆ తరవాత. రాలేదు. బసలింగప్పన్న వింగులో నిలబడి తన ఎంట్రీ మరిచిపోయాడు. గురుపాద తోస్తే వచ్చాడు.

ఆట అయ్యాక ఆయన ఒక్కటే మాట అన్నాడు.

"రేపు కూడా ఇలాగే చావు."

ఇంతకంటే పెద్ద మెచ్చుకోలు ఆ నోట్లోంచి ఎవరూ వినలేదు. కానీ పెట్టెల ఊసు ఎత్తలేదు, ఎత్తుతాడేమోనని నేనే తప్పించుకుని తిరిగాను.

జనవరి 25

బాగా చచ్చాను.

జనవరి 26

చాందిని కాలు సరిగ్గా మధ్య మైకు కింద పడింది. నిన్న కూడా పడింది. ఇమామ్‌సాబ్ పాట నెమ్మది చేశాడేమో అనుకుని అడిగాను, లేదన్నాడు. పిల్ల నేర్చుకుంది. ఎవరు నేర్పారో. నేనైతే కాదు, నేను కట్టేసి ఉన్నాను.

జనవరి 27

మళ్ళీ సరిగ్గా పడింది. ఈలలు. మంచం మీద పడుకుని విన్నాను. ఇక పార్వతి ఆ పిల్లే. ఒక్క జాతరకే అన్న మాట ఆయనా మరిచిపోయాడు, నేనూ గుర్తు చేయను. ఆ మైకు కింద నిలబడ్డ రోజులు బాగున్నాయి. బాధగానే ఉంది. ఇవాళ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

జనవరి 29

పెద్ద గొడవ.

చలి మరీ ఎక్కువగా ఉంది. నాగవ్వ దుప్పటి పొట్టిది, పాదాలు బయటే ఉంటాయి. రోజూ గడ్డకట్టుకుపోతున్నాయి. గురుపాద తన వేషంలోని ఉన్ని సాక్సులు ఇచ్చాడు. వేసుకున్నాను. స్వర్గం.

పాట వచ్చింది. చాందిని రాలేదు. పాట తెగింది. అప్పుడు వచ్చింది, టైరు ఒక వైపు, తను ఒక వైపు. టైరు స్టేజీ దిగి ఇమామ్‌సాబ్ ఒళ్ళో పడింది. "గాలి దిగింది..." అన్న మాట ఏ మైకుకీ అందలేదు.

ఆట అయ్యాక మేకప్పు గది తలుపు ధడాలున తోసుకుని చాందిని వచ్చింది. ముఖం మీద రంగు చారికలు, కళ్ళలో నిప్పులు.

"సాక్సులెందుకు వేసుకున్నారక్కా?"

"చలేసి వేసుకున్నా. నీకేమైంది?"

"నాకేమైందా? మీ వేళ్ళు కనపడకపోతే నేనెప్పుడు అడుగెయ్యాలి?"

నాకు అర్థం కాలేదు. అది నా ఎదురుగా నేల మీద కూర్చుని నా పాదం పట్టుకుంది.

"పాట తెగేముందు మీ బొటనవేలు లేస్తుందక్కా. ప్రతిసారీ లేస్తుంది. మాస్తరు ఎక్కడ ఆపుతాడో ఆయనకే తెలీదు, మీ వేలికి తెలుసు. కాళ్ళు కట్టేసిన రోజు చూశా వింగులోంచి. వేలు లేవగానే నేను తిరుగుతా, వేలు పడగానే కాలు పెడతా. ఇన్ని రోజులూ మీరే చేయిస్తున్నారనుకున్నా. మీకు తెలీదా?"

తెలీదు.

నేను ఆ పిల్ల ముందే ఏడ్చాను, మేకప్పు కడుక్కోకముందే. దుమ్ము పడిందని చెప్పుకునే ఓపిక కూడా లేదు.

"రేపు ఏ పాదం కావాలే నీకు?" అన్నాను.

"ఎడమది బాగా కనపడుతుందక్కా. కుడిది కాస్త చాటు."

జనవరి 31

బసలింగప్పన్న గజేంద్రగడ పోస్టరు చూపించాడు. చాందిని బొమ్మ, చేతిలో టైరు, 'కుమారి' అని. పక్కనే నెరిసిన విగ్గుతో నేను. నా పేరు ముందు కుమారి తీసేశాడు. మా వాడికి ఫోను చేసి చెప్పాలి, సంతోషిస్తాడు.

"పెట్టెలకి వేరే మనిషిని చూశాను," అన్నాడు, ఎటో చూస్తూ. ఆ మాట కోసమే జాతరంతా కాచుకున్నానని ఆయనకి తెలియనివ్వలేదు.

"అది సరే, మంచం మళ్ళీ జరిగింది కదూ?" అన్నాడు.

జరిగింది. ఈసారి మైకు వైపు కాదు. ఒక బెత్తెడు, చాందిని నిలబడే ఎడమ వింగు వైపు.

స్టేజీ వాలుగా ఉందని చెప్పాను.